ఎనిమిది నెలలు మెరుగులు దిద్దిన యాప్‌ను ఎవరూ వాడడం లేదు: చిన్న ప్రయోగాల దారికి మళ్ళడం ఎలా?

కలువకొలను | హైదరాబాద్ | మొదటి టపా

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో ప్రాడక్ట్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. మందుల షాపుల వారు గడువు దగ్గరపడిన మందులను ముందే గుర్తించి, సకాలంలో స్టాకిస్టుకు (షాపులకు మందులు టోకుగా అమ్మే వ్యాపారికి) తిరిగి పంపి, క్రెడిట్ నోటు (ఆ సొమ్ము మన ఖాతాలో జమ చేసినట్లు ఇచ్చే చీటీ) తెచ్చుకోవడానికి సాయపడే యాప్‌ను మా బృందం తయారు చేసింది. దానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ కాలంలో తెర రంగులను మూడుసార్లు మార్చాము, తెలుగు అక్షరాల ఫాంటు గురించి రెండు వారాలు చర్చించాము, పదకొండు రకాల నివేదికలు సిద్ధం చేశాము. ఎక్కడా ఒక్క లోపం కనబడకూడదన్న పట్టుదలతో విడుదలను రెండుసార్లు వాయిదా వేశాము కూడా.

చివరికి నలభై షాపులకు ఇచ్చాము. ఆరు వారాల తరువాత చూస్తే, రోజూ యాప్ తెరుస్తున్నవి మూడే షాపులు. కారణం తెలుసుకుందామని హనుమకొండలో ఒక షాపుకు వెళ్ళాను. కౌంటరు కింద ఒక అట్టపెట్టె ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో నెలల పేర్లు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఉన్నాయి. గడువు దగ్గరపడిన స్ట్రిప్పులన్నీ అందులో పడుతున్నాయి. షాపు యజమాని నన్ను ఆదరంగా కూర్చోబెట్టి టీ తెప్పించారు, యాప్ చాలా బాగుందని చెప్పారు, కానీ నేను అక్కడున్న గంటన్నరలో ఒక్కసారి కూడా దాన్ని తెరవలేదు.

మా పైవారు రెండో విడుదలకు మరో ఐదు నెలల ప్రణాళిక వేశారు. ఇంకా మెరుగుపరిస్తే వాడతారని వారి నమ్మకం. మనం అడగవలసిన ప్రశ్నే తప్పిందేమో, తప్పు ప్రశ్నకు ఎంత నునుపైన జవాబు చెబితే మాత్రం ఏమి లాభమని నా అనుమానం. చిన్న చిన్న ప్రయోగాలు త్వరత్వరగా చేసి తెలుసుకునే దారికి బృందాన్ని ఎలా మళ్ళించాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత_మెకానికల్ | విశాఖపట్నం

కలువకొలను గారూ, మీ టపా చదవగానే నాకు గాసమర్ కాండర్ విమానం గుర్తుకు వచ్చింది. ముప్పై ఏళ్ళు యంత్రాల మధ్య పనిచేసినవాడిని కనుక కాస్త విస్తారంగా చెబుతాను, మన్నించండి.

మనిషి తన కండబలంతోనే, అంటే పెడళ్ళు తొక్కుతూ, ఒకదానికొకటి అర మైలు దూరంలో నిలిపిన రెండు స్తంభాల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో విమానం నడిపితే బహుమతి ఇస్తానని హెన్రీ క్రెమర్ అనే పారిశ్రామికవేత్త 1959లో ప్రకటించాడు. ఎవరూ గెలవకపోవడంతో 1973లో ఆ మొత్తాన్ని 50,000 పౌండ్లకు పెంచారు. బ్రిటన్‌లోనూ ఇతర దేశాలలోనూ ఎంతో ప్రతిభ గల బృందాలు ప్రయత్నించాయి. సన్నని కర్రతో, నేర్పుగా చెక్కిన రెక్కలతో, చూడముచ్చటైన విమానాలు కట్టాయి. అటువంటి విమానం ఒక్కసారి నేలకు తగిలి విరిగితే బాగు చేయడానికి నెలలు పట్టేది. అందువల్ల ఏడాదికి వారు నేర్చుకోగలిగిన పాఠాలు ఒకటో రెండో మాత్రమే.

అమెరికాలో పాల్ మెక్రెడీ అనే ఇంజనీరు వేరే దారి పట్టాడు. అల్యూమినియం గొట్టాలు, పియానో తీగ, పలుచని మైలార్ పొర, అంటించే టేపు అతని సామగ్రి. రెక్కల పొడవు సుమారు 29 మీటర్లు ఉన్నా, నడిపే మనిషిని మినహాయిస్తే బరువు 32 కిలోల దగ్గరే ఉండేది. చూడడానికి అందమైనది కాదు. అయితే విరిగితే ఆ రోజో మరునాడో అతికించి మళ్ళీ ఎగరేయగలిగేవారు. రెక్క కోణం మార్చి చూడడం, తీగ బిగించి చూడడం, విరిగితే అతికించడం, మళ్ళీ ఎగరడం, ఇలా సాగింది ఆ పని. కాలిఫోర్నియాలోని షాఫ్టర్ దగ్గర 1977 ఆగస్టు 23న బ్రయన్ ఆలెన్ అనే సైకిలు పోటీదారుడు ఆ విమానాన్ని తొక్కి, 18 ఏళ్ళుగా ఎవరికీ దక్కని బహుమతిని గెలిపించాడు. రెండేళ్ళు తిరగకుండానే, 1979 జూన్ 12న, అదే బృందం కట్టిన మరో విమానంలో అదే ఆలెన్ ఇంగ్లిష్ ఛానల్ దాటాడు.

మెక్రెడీ మిగిలినవారికన్నా తెలివైనవాడని నేను అనను. పడిన తరువాత మళ్ళీ లేవడానికి పట్టే కాలాన్ని తగ్గించడమే అతను సాధించినది. మీ బృందం విషయంలోనూ ముందు కొలవవలసినది ఇదే: ఒక ఊహ మీకు తోచిన రోజుకూ, అది నిజమో కాదో తెలిసిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడుస్తున్నాయి? మీరు చెప్పిన లెక్క ప్రకారం ఎనిమిది నెలల ఆరు వారాలు.

శేషాచలం_నీడ | తిరుపతి

ఒక చిన్న ప్రశ్న. వాడని ముప్పై ఏడు షాపుల సంగతి తరువాత చూద్దాం. వాడుతున్న ఆ మూడు షాపులూ యాప్‌ను దేనికోసం తెరుస్తున్నాయి?

కలువకొలను

శేషాచలం గారూ, మీరు అడిగాక ఫోన్లు చేసి కనుక్కున్నాను. రెండు షాపులు మా ఉద్యోగుల బంధువులవి, మొహమాటానికి తెరుస్తున్నారు. మూడో షాపు ఆయన చెప్పిన మాట మాత్రం నాకు కొత్తగా ఉంది. ఆయనకు గడువు హెచ్చరికలతో పని లేదట. ఏ మందు ఏ స్టాకిస్టు దగ్గర కొన్నారో వెతుక్కోవడానికి మా యాప్‌లోని కొనుగోలు పట్టికను చూస్తున్నారట. ఆ పట్టిక నాలుగో తెరలో ఒక మూలన ఉంది.

ఇందూరు_బాట | నిజామాబాద్

మా జిల్లా నుంచి వచ్చిన, బస్సు టికెట్ల వెబ్‌సైటు రెడ్‌బస్‌ను స్థాపించినవారిలో ఒకరైన ఫణీంద్ర సామ కథ ఇక్కడ చెప్పుకోదగినది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్టు దొరకక ఆయన అక్కడే ఉండిపోవలసి వచ్చింది. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఒక్కచోట తెలిసే దారి అప్పట్లో లేదు. మిత్రులతో కలిసి ఆయన మొదట తలపెట్టినది టికెట్లు అమ్మే వెబ్‌సైటు కాదు, బస్సు యజమానులూ ఏజెంట్లూ వాడుకునే సాఫ్ట్‌వేరు. దాన్ని తీసుకెళ్ళి చూపిస్తే యజమానులకు ఆసక్తి కలగలేదు. అప్పుడు ఆ సాఫ్ట్‌వేరుకే మరిన్ని హంగులు జోడిస్తూ కూర్చోకుండా, మీ బస్సులో కొద్ది సీట్లు మాకివ్వండి, మేము ఇంటర్నెట్‌లో అమ్మి చూపిస్తామని అడిగారు. 2006లో రెడ్‌బస్ అలా మొదలైంది, 2013లో ఐబిబో అనే సంస్థ చేతికి వెళ్ళింది. బస్సు యజమాని తన వ్యాపార పద్ధతిని మార్చుకోవాలంటే భయపడతాడు, నాలుగు సీట్లు ఇచ్చి చూడడానికి అంత భయపడడు. మీరు మందుల షాపుల వారిని అడిగినది వారి బిల్లింగు పద్ధతినంతా మార్చుకోమని కాదా?

ప్రభుత్వంలోనూ ఇలా జరిగిన సందర్భం ఉంది. కరెంటు, నీటి బిల్లులు ఒకే కౌంటరులో కట్టే ఏర్పాటు జంట నగరాలలో 1999లో ట్విన్స్ పేరుతో ప్రయోగంగా మొదలై, అక్కడ నేర్చుకున్న దానితో 2001లో ఈసేవగా విస్తరించింది. రాష్ట్రమంతటా ఒకేరోజు తెరిచి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

పరీక్షకురాలు | చెన్నై

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరమని నాకు అనిపిస్తోంది. నేను పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ నాణ్యతా పరీక్షల విభాగంలో ఉన్నాను. వేగంగా ప్రయోగాలు చేద్దాం అన్న మాట విన్నప్పుడల్లా నాకు రెండు సంఘటనలు గుర్తుకొస్తాయి.

మొదటిది 2012 ఆగస్టు 1న అమెరికాలో జరిగింది. నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ తన సర్వర్లు ఎనిమిదింటిలో ఏడింటికి కొత్త ప్రోగ్రాము ఎక్కించి, ఒకదాన్ని మరచిపోయింది. ఆ ఒక్క సర్వరులో ఏళ్ళ తరబడి వాడకుండా మిగిలిపోయిన పాత ప్రోగ్రాము మేలుకొని ఆర్డర్లు కుమ్మరించింది. 45 నిమిషాలలో సంస్థ సుమారు 44 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. రెండోది థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రం. పాత నమూనాలలో ఉన్న యాంత్రిక రక్షణలను తీసివేసి, భద్రత భారాన్ని సాఫ్ట్‌వేరు మీద మోపారు. 1985 నుంచి 1987 వరకు ఆరుగురు రోగులు పరిమితికి ఎన్నో రెట్లు మించిన రేడియేషన్‌కు గురయ్యారు, వారిలో మరణించినవారూ ఉన్నారు.

మీరు పనిచేస్తున్నది మందుల రంగంలో. గడువు తేదీని మీ యాప్ తప్పుగా చదివి, గడువు దాటిన మందు ఇంకా మంచిదేనని చూపిస్తే, ఆ స్ట్రిప్పు ఒక ముసలావిడ చేతికి వెళుతుంది. ఫేస్‌బుక్ 2012లో దాదాపు ఏడు లక్షల మంది వాడుకరులకు తెలియకుండా వారి మనోభావాల మీద ప్రయోగం చేసి, 2014లో ఆ ఫలితాలు బయటికి వచ్చినప్పుడు ఎంత విమర్శ ఎదుర్కొన్నదో కూడా గుర్తుంచుకోండి. ప్రయోగం జరుగుతున్నదని షాపు వారికి తెలియాలి. మెరుగులు దిద్దడాన్ని తిట్టిపోయడం సులభం. ఏ చోట మెరుగు తప్పనిసరో ముందు తేల్చుకోకుండా వేగం గురించి మాట్లాడడం నాకు సమ్మతం కాదు.

పాత_మెకానికల్

అమ్మా, మీరు చెప్పినది అక్షరాలా నిజం. పై టపాలో నేను చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది, మీ మాటతో అదే ముఖ్యమైనదని తెలిసింది. ఆ గాసమర్ కాండర్ నేలకు కొన్ని అడుగుల ఎత్తులోనే, మనం సైకిలు తొక్కే వేగంతోనే ఎగిరేది. అందుకే అది ఎన్నిసార్లు కూలినా లోపలి మనిషికి ప్రాణాపాయం కలగలేదు. వేల అడుగుల ఎత్తులో అదే టేపు, అదే తీగలతో ప్రయోగం చేసి ఉంటే అది నేరమయ్యేది. పడినా దెబ్బ తగలనంత ఎత్తును మెక్రెడీ ముందు ఎంచుకున్నాడు, ఆ తరువాతే ఎన్నిసార్లయినా పడ్డాడు. అప్పట్లో అమెజాన్ అధిపతిగా ఉన్న జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖలో నిర్ణయాలు రెండు రకాలని చెప్పాడు: వెనక్కి రాగలిగే తలుపులు, రాలేని తలుపులు. గడువు తేదీ మంచిచెడులు చెప్పడం మీకు వెనక్కి రాలేని తలుపు. కొనుగోలు బిల్లు ఎక్కడుందో చూపించడం అలాంటిది కాదనుకుంటాను.

గణాంకం | న్యూజెర్సీ

ప్రయోగాల ఫలితాలను లెక్కగట్టడమే నా ఉద్యోగం కనుక ఆ కోణం నుంచి చెబుతాను. 2012లో మైక్రోసాఫ్ట్ వారి సెర్చ్ ఇంజన్ బింగ్‌లో, ప్రకటనల శీర్షిక చూపించే తీరును కాస్త మార్చాలని ఒక ఉద్యోగి సూచించాడు. పెద్ద ప్రాధాన్యం లేనిదని ఆ సూచన ఆరు నెలలకు పైగా జాబితా అడుగున పడి ఉంది. చివరికి ఒక ఇంజనీరు, ఎలాగూ చిన్న పనే కదా అని, కొందరికి పాత తీరు, కొందరికి కొత్త తీరు చూపించి పోల్చాడు. ఆదాయం 12 శాతం పెరిగింది. అమెరికాలోనే ఏడాదికి పది కోట్ల డాలర్లకు మించిన మార్పు అది. మైక్రోసాఫ్ట్‌లో అలా పోల్చి చూసిన ఆలోచనలలో మూడో వంతు మాత్రమే మేలు చేశాయని, మూడో వంతు ఏ తేడా చూపలేదని, మిగిలినవి హాని చేశాయని ఆ ప్రయోగాలను నడిపించిన రాన్ కొహావీ బృందం ప్రకటించింది. అంతటి నిపుణుల ఊహలే మూడింట రెండు తప్పుతున్నప్పుడు, మన పదకొండు నివేదికలలో ఎన్ని పనికొస్తాయో బల్ల ముందు కూర్చుని తేల్చడం సాధ్యం కాదు.

అయితే బింగ్ పద్ధతిని మీరు అనుకరించవద్దు. వారికి కోట్ల మంది వాడుకరులు, మీకు నలభై షాపులు. ఇరవైకి ఒక రంగు బటను, ఇరవైకి మరో రంగు ఇచ్చి పోలిస్తే వచ్చే తేడా గాలివాటంగా వచ్చినదో నిజమైనదో ఎవరూ చెప్పలేరు. మీకు కావలసినది దగ్గర కూర్చుని చూడడం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ మాట నిజమయ్యేది మెతుకులన్నీ ఒకే గిన్నెలో, ఒకే సెగ మీద ఉన్నందువల్ల. పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న షాపు ఒక గిన్నె, కాలనీ సందులో షాపు మరో గిన్నె, మండల కేంద్రంలో బస్టాండు దగ్గరి షాపు ఇంకో గిన్నె. నాలుగు షాపులే తీసుకోండి కానీ, నాలుగూ నాలుగు రకాలుగా ఉండేటట్టు చూసుకోండి.

ఇంకొక్క సంగతి. ప్రయోగం మొదలుపెట్టే ముందే, ఏ ఫలితం వస్తే కొనసాగిస్తామో, ఏది వస్తే మానేస్తామో కాగితం మీద రాసి పైవారితో సంతకం పెట్టించండి. ఫలితం వచ్చాక రాసుకుంటే, మనకు నచ్చిన అర్థమే అందులో కనిపిస్తుంది. ఇది నేను చాలా చోట్ల చూశాను.

రంగవల్లి | విజయవాడ

నేను డిజైనర్‌ని. మెరుగు పట్ల శ్రద్ధ ఉన్నవారిని ఈ చర్చలో కాస్త తక్కువ చేసి మాట్లాడుతున్నట్లు అనిపించి రాస్తున్నాను. ఫాంటు మీద రెండు వారాలు చర్చించామని కలువకొలను గారు రాశారు. మసక వెలుతురులో, నలుగురు కొనుగోలుదారులు నిలబడి ఉండగా, చత్వారం వచ్చిన షాపు యజమాని ఆ అక్షరాలను చదవాలి. ఆ రెండు వారాలు వృథా కాలేదు, ముందుగా ఖర్చు చేశారంతే. ఆ తెర అవసరమని తెలిసిన తరువాత పెట్టవలసిన శ్రద్ధను, అవసరమో కాదో తెలియక ముందే పెట్టేశారు. మీ బృందంలోని డిజైనరుకు ఈ మాట చెప్పకుండా, ఇకపై గబగబా చేసేద్దాం అని మాత్రమే చెబితే, ఆ మనిషి తన పనికి విలువ లేదని అనుకుంటారు. మంచి పనివాళ్ళు అలాగే వెళ్ళిపోతారు.

కలువకొలను | రెండు వారాల తరువాత

మీ అందరి సలహాలతో ఒక ప్రయోగం చేశాను. జరిగినది జరిగినట్లు రాస్తున్నాను.

ఐదు నెలల ప్రణాళికను రద్దు చేయమని పైవారిని అడగలేదు. పది రోజుల గడువూ ఇద్దరు మనుషులూ మాత్రమే అడిగాను. అలా అడిగితే కాదనడానికి వారికి కారణం దొరకలేదు. గణాంకం గారు చెప్పినట్లు, నాలుగు షాపులలో కనీసం రెండు, ఐదో రోజు తరువాత మేము గుర్తుచేయకుండానే వాడితే కొనసాగిస్తామనీ, లేకపోతే ఈ ఆలోచన మానేస్తామనీ రాసి సంతకాలు తీసుకున్నాను. ఎవరూ ఒక్క వరుస ప్రోగ్రాము కూడా రాయలేదు. షాపు వారు తమ కొనుగోలు బిల్లులను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, మా ఇద్దరిలో ఒకరు రాత్రి కూర్చుని స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించేవారు. తిరిగి పంపవలసిన స్ట్రిప్పు ఫోటో వాళ్ళు పంపితే, ఆ బ్యాచ్ ఏ స్టాకిస్టు బిల్లులో వచ్చిందో వెతికి, ఆ బిల్లు ఫోటోతో సహా జవాబు ఇచ్చేవాళ్ళం. వెతుకుతున్నది యంత్రం కాదు, మనుషులేనని నాలుగు షాపులకూ ముందే చెప్పాము. పరీక్షకురాలు గారి హెచ్చరిక మేరకు, మందు మంచిదో కాదో మేము ఒక్క మాట కూడా చెప్పకూడదని, షాపు వారి పాత పద్ధతి యథాతథంగా కొనసాగాలని నియమం పెట్టుకున్నాము.

మొదటి రోజు హనుమకొండ షాపులోనే కూర్చున్నాను. ఒకాయన నాలుగు మాత్రలు అడిగారు. యజమాని స్ట్రిప్పును కత్తిరించే ముందు ఒకసారి తిప్పి చూసి, తేదీ ముద్ర ఉన్న కొసను వదిలి రెండో కొస నుంచి కత్తిరించారు. ఎందుకని అడిగాను. తేదీ ఉన్న ముక్క పోతే మిగిలిన మాత్రలు తిరిగి పంపడానికీ పనికిరావు, అమ్మడానికీ మనసొప్పదు అన్నారు. మా యాప్‌లో ఎనిమిది నెలలు కష్టపడి కట్టిన హెచ్చరిక ఆయన వేళ్ళలో ముందునుంచే ఉంది. ఆ తరువాత ఆయన అన్న మాట నా పుస్తకంలో అలాగే రాసుకున్నాను: "ఏ మందు గడువు దాటిపోతుందో నాకు తెలుసు బాబూ. అది ఏ బిల్లులో వచ్చిందో వెతకడానికే రాత్రి పదకొండవుతుంది. బిల్లు చూపించకపోతే స్టాకిస్టు తీసుకోడు."

పది రోజులు ముగిసేసరికి మూడు షాపులు మేము అడగకుండానే ఫోటోలు పంపుతున్నాయి. నాలుగోది మూడో రోజే ఆపేసింది. ఆ షాపు దాదాపు సరుకంతా ఒకే స్టాకిస్టు దగ్గర కొంటుంది కనుక వెతుకులాట సమస్య వారికి లేదు. మా వల్ల ఒక తప్పు కూడా జరిగింది. ఒకే బ్యాచ్ ఇద్దరు స్టాకిస్టుల నుంచి రెండు వేర్వేరు బిల్లులలో వచ్చింది. మేము మొదట కనబడిన బిల్లును పంపేశాము. బిల్లు ఫోటో జతగా ఉన్నందువల్ల యజమాని వెంటనే గమనించి, ఇది కాదు రెండోది అని సరిచేశారు. ఈ సంగతి కాగితం మీద ప్రణాళిక వేస్తున్నప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

పైవారు పదకొండు నివేదికలలో తొమ్మిదింటిని పక్కన పెట్టడానికి ఒప్పుకున్నారు. రంగవల్లి గారూ, మీ టపాను మా డిజైనరుకు చదివి వినిపించాను. బిల్లు ఫోటో తెర మీద ఎంత పెద్దదిగా, ఏ వైపుగా కనబడాలన్న పని ఇప్పుడు పూర్తిగా ఆమె చేతిలో ఉంది, అందులో తొందర పెట్టేది లేదని చెప్పాను.

ఇప్పుడు మా ముందున్న చిక్కు వేరు. చిన్న ఊళ్ళలోని స్టాకిస్టుల బిల్లులు చాలావరకు కార్బను కాపీలు. మాకు వచ్చిన ఫోటోలలో కొన్నింటిలో బ్యాచ్ నంబరు మనిషి కంటికే సరిగా ఆనడం లేదు, 8 ఏదో 3 ఏదో తెలియడం లేదు. వచ్చే పది రోజుల ప్రయోగం దీని మీదే. ఒక షాపులో బిల్లు కింద తెల్ల కాగితం పరచి ఫోటో తీయించి, మరో షాపులో స్టాకిస్టునే నేరుగా ఫోనుకు బిల్లు పంపమని అడిగించి చూద్దామనుకుంటున్నాము. స్టాకిస్టుల దగ్గర పనిచేసిన అనుభవం ఉన్న సభ్యులు ఎవరైనా ఉంటే, రెండో మార్గానికి వారు ఒప్పుకుంటారో లేదో, ఎవరిని ముందుగా కలవాలో చెప్పగలరు.